మోకాళ్ల నొప్పి బిళ్ల, బీపీ బిళ్ల, రెండు రోజుల విరేచనాలు: కోనసీమ నుంచి ఒక కేస్ స్టడీ

(రోగి ఎవరో తెలియకుండా వివరాలు మార్చాం. డెల్టాలో తరచూ ఎదురయ్యే ఇలాంటి కేసుల అంశాలను ఒక్క కేసుగా కూర్చాం. ఇందులోని అత్యవసర మోతాదులు పెద్దవాళ్లకు ఆసుపత్రిలో, మానిటర్ పెట్టి ఇచ్చేవి.)

రోగి 62 ఏళ్ల మహిళ, బరువు 54 కిలోలు, ఊరు అమలాపురం దగ్గర. ఊడ్పులు, కలుపు తీతలు, కోతలు, ఏ పనికైనా వెళ్లే మనిషి. షుగరు వచ్చి 11 ఏళ్లు, బీపీ వచ్చి 8 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయి. రోజూ వేసుకునే మందులు రెండే: మెట్‌ఫార్మిన్ 1000 మి.గ్రా., గ్లిమిపిరైడ్ 2 మి.గ్రా. కలిసిన బిళ్ల ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. టెల్మిసార్టాన్ 40 మి.గ్రా., హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 మి.గ్రా. కలిసిన బిళ్ల ఉదయం ఒకటి.

మే నెలాఖరు. రోహిణీ కార్తె ఎండలు. రెండు రోజులు నీళ్ల విరేచనాలు, మూడో రోజు వాంతులు. నాలుగో రోజు ఉదయం మంచం మీంచి లేవలేకపోతే కోడలు ఆటోలో తీసుకొచ్చింది. ముందు రోజు మధ్యాహ్నం నుంచి మూత్రం రాలేదని చెప్పింది.

వచ్చేసరికి బీపీ 90/60, నాడి నిమిషానికి 48. నాలుక ఎండిపోయింది. మాట తడబడుతోంది. వేలి చివర రక్తంతో చూస్తే గ్లూకోజు 54. ఈసీజీలో టీ తరంగాలు గుడారాల్లా మొనతేలి ఉన్నాయి, పీ తరంగం దాదాపు కనిపించడం లేదు, క్యూఆర్ఎస్ (గుండె కింది గదులు కొట్టుకునే తరంగం) వెడల్పు 130 మిల్లీసెకన్లు. పొటాషియం ప్రమాదకరంగా పెరిగిన గుర్తులివి. ల్యాబ్ ఫలితాలు తర్వాత వచ్చాయి: పొటాషియం 6.9, క్రియాటినిన్ (కిడ్నీ వడపోయాల్సిన వ్యర్థం) 4.6, యూరియా 148, సోడియం 128, బైకార్బొనేట్ 12, పీహెచ్ 7.19, లాక్టేట్ 3.8. అంటే పొటాషియం మరీ ఎక్కువ, కిడ్నీ దాదాపు ఆగింది, రక్తం ఆమ్లంగా మారింది.

అడిగిన ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న

"ఇంకేమన్నా మందులు వాడుతున్నారా?" అని అడిగితే కోడలు చెప్పిన జవాబు: "లేదండి, మా అత్తయ్యగారికి బీపీకీ షుగరుకీ తప్ప మందులేం లేవండి." ఆమె అబద్ధం చెప్పలేదు. ఒళ్లు నొప్పులకు వేసుకునే బిళ్లను మా ప్రాంతంలో చాలా ఇళ్లలో మందుల లెక్కలో చేర్చరు. టీ పొడి, ఉప్పుతో పాటు అదీ సరుకే. అందుకే ప్రశ్న మార్చి అడగాలి: "మోకాళ్లకి ఏం వేసుకుంటారమ్మా? ఎక్కడ కొంటారు? రోజుకి ఎన్ని? ఈ నెలలో ఎవరి దగ్గరైనా సూది చేయించుకున్నారా?"

అలా అడిగాక సంచి తెరిచారు. అడుగున కత్తిరించిన స్ట్రిప్పు ముక్కలున్నాయి, మందు పేరున్న సగం లేదు. బిళ్లలు విడిగా అమ్మేటప్పుడు కత్తెర పడేది సరిగ్గా అక్కడే. షాపుకు ఫోన్ చేసి అడిగితే తెలిసింది: ఎసిక్లోఫెనాక్ 100 మి.గ్రా., పారాసిటమాల్ 325 మి.గ్రా. కలిసిన బిళ్ల. దాళ్వా కోతలు అయినప్పటి నుంచి, అంటే మూడు వారాలకు పైగా, రోజుకు రెండు. మధ్యలో ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర రెండుసార్లు డైక్లోఫెనాక్ 75 మి.గ్రా. సూది. కడుపులో మంట రాకుండా పాంటాప్రజోల్ కూడా ఇచ్చారు. పాంటాప్రజోల్ కాపాడేది కడుపును, కిడ్నీని కాదు. "గ్యాస్ బిళ్లతో కలిపి వేసుకుంటున్నాం కదా, ఏం కాదు" అనే నమ్మకం రోగుల్లోనే కాదు, రాసేవాళ్లలోనూ ఉంది.

విరేచనాలు మొదలయ్యాక ఏం తాగించారన్నది రెండో ప్రశ్న. ఓఆర్‌ఎస్ కాదు, బొండాం నీళ్లు. పెరట్లో చెట్లున్న ఇల్లు, రోజుకు ఐదారు బొండాలు. అన్నం దాదాపు మానేసినా షుగరు బిళ్ల, బీపీ బిళ్ల మాత్రం ఒక్క పూట కూడా తప్పలేదు. మానకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు కాబట్టి, ఆ మాట నిలబెట్టుకున్నారు.

పాత కాగితాల్లో నాలుగు నెలల కిందటి రిపోర్టు దొరికింది. క్రియాటినిన్ 1.4. పక్కన "కొద్దిగా ఎక్కువ" అన్న గుర్తు తప్ప ఇంకేమీ లేదు. 62 ఏళ్ల మహిళకు 1.4 అంటే, 2021 నాటి సీకేడీ-ఎపి సూత్రం ప్రకారం ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత వేగం అంచనా) 43. కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ అనే ఇంకో లెక్కలో బరువు కూడా వేస్తే క్లియరెన్సు 35 చిల్లర. ఈ కేసు మలుపు తిరిగిన చోటు ఇదే. బలమైన కండ ఉన్న పాతికేళ్ల మగవాడికి 1.4 పెద్ద విషయం కాకపోవచ్చు. 54 కిలోల పెద్దావిడకు అది సగానికి పైగా పోయిన కిడ్నీ. సంఖ్య చిన్నది కావడంతో ఎవరూ ఆగలేదు. ఈజీఎఫ్ఆర్ 45 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ రోజు మొత్తానికి 1000 మి.గ్రా. దాటకూడదు, ఈమెకు 2000 వెళ్తోంది.

మొదటి రెండు గంటలు

ల్యాబ్ కోసం ఆగకూడదు. నాడి నెమ్మది, క్యూఆర్ఎస్ వెడల్పు, మూత్రం లేకపోవడం, బీపీ బిళ్లలో పొటాషియం పెంచే టెల్మిసార్టాన్: ఇన్ని కలిసినప్పుడు ఈసీజీయే రిపోర్టు. పొటాషియం ఎక్కువని వచ్చిన శాంపిల్ హిమోలైజ్ అయి (రక్తకణాలు పగిలి) ఉండొచ్చన్న అనుమానంతో రెండో శాంపిల్ పంపి కూర్చోవడం మామూలు రోగి విషయంలో సరే. ఈసీజీ ఇలా ఉన్నప్పుడు రెండో శాంపిల్ పంపుతూనే చికిత్స మొదలవ్వాలి.

ముందుగా 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 ఎం.ఎల్., మోచేతి దగ్గరి పెద్ద సిరలోకి, 5 నుంచి 10 నిమిషాలు పట్టేలా. మణికట్టు మీది సన్న సిరలో ఇస్తే, మందు బయటికి కారినప్పుడు చర్మం చచ్చిపోతుంది. డిగాక్సిన్ వాడుతున్నారా అని ముందే అడగాలి; వాడుతుంటే ఇంకా నెమ్మదిగా ఇవ్వాలి. 5 నిమిషాల తర్వాత ఈసీజీ మళ్లీ తీశారు, క్యూఆర్ఎస్ ఇంకా వెడల్పుగానే ఉంది. ఇంకో 10 ఎం.ఎల్. ఇచ్చాక 100 మిల్లీసెకన్లకు దిగింది, నాడి 66కు వచ్చింది. కాల్షియం పొటాషియంను ఒక్క పాయింటు కూడా తగ్గించదు. గుండెను అరగంట నుంచి గంట వరకు కాపాడుతుంది, అంతే. ఈసీజీ బాగుపడిందని ఊపిరి పీల్చుకుని తర్వాతి మెట్టు ఆలస్యం చేస్తే గంటలో మళ్లీ మొదటికొస్తుంది.

పొటాషియంను కణాల్లోకి నెట్టడానికి ఇన్సులిన్. మామూలుగా రెగ్యులర్ ఇన్సులిన్ 10 యూనిట్లు, 25 గ్రాముల గ్లూకోజుతో ఇస్తారు. ఈమెకు అది ప్రమాదం. అప్పటికే గ్లూకోజు 54, ఒంట్లో గ్లిమిపిరైడ్ ఉంది, కిడ్నీ పనిచేయనప్పుడు ఇన్సులిన్ కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకని ముందు 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 ఎం.ఎల్. ఇచ్చి, గ్లూకోజు 140 దాటాక ఇన్సులిన్ 5 యూనిట్లు, దానితో మరో 100 ఎం.ఎల్. 25 శాతం డెక్స్‌ట్రోజ్, వెంటనే 10 శాతం డెక్స్‌ట్రోజ్ గంటకు 50 ఎం.ఎల్. చొప్పున. మొదటి గంటలో ప్రతి 15 నిమిషాలకు, తర్వాత ఆరు గంటలపాటు గంటగంటకూ వేలి రక్తంతో గ్లూకోజు చూశారు. నాలుగో గంటలో 68కి పడింది. పట్టిక ప్రకారం చూస్తున్నారు కాబట్టి దొరికింది. ఇన్సులిన్ ఇచ్చాక రెండో గంటకు గ్లూకోజు బాగుందని చూడటం ఆపేసే వార్డుల్లో రోగి కోమాలోకి వెళ్లేది ఈ సమయంలోనే.

సాల్బుటమాల్ నెబ్యులైజేషన్‌లో తప్పు జరిగేది మోతాదు దగ్గర. ఉబ్బసానికి ఇచ్చే 2.5 మి.గ్రా. రెస్ప్యూల్ ఒక్కటి పొటాషియానికి చాలదు. 10 మి.గ్రా. కావాలి, అంటే నాలుగు రెస్ప్యూల్స్. గుండె జబ్బు ఉన్నవాళ్లకు దీన్ని ఆలోచించి ఇవ్వాలి; ఈమెకు లేదు.

మూత్రం రావడం లేదని ఫ్రూసమైడ్ సూది చేయడం చాలాచోట్ల అలవాటుగా జరిగిపోతుంది. ఈమె ఒంట్లో నీళ్లే లేవు. నాలుక ఎండింది, మెడ సిరలు చదునుగా ఉన్నాయి, అల్ట్రాసౌండ్‌లో ఐవీసీ (గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర) ముడుచుకుపోయింది. ఇలాంటి మనిషికి ఫ్రూసమైడ్ ఇవ్వడం మూత్రపిండానికి ఇంకో దెబ్బ. నార్మల్ సెలైన్ 500 ఎం.ఎల్. చొప్పున, ప్రతి బాటిల్ తర్వాత ఊపిరితిత్తుల అడుగు విని, మొదటి నాలుగు గంటల్లో లీటరున్నర ఇచ్చారు. పీహెచ్ 7.2 కంటే తక్కువ కాబట్టి సోడియం బైకార్బొనేట్ విడి లైనులో. కాల్షియం, బైకార్బొనేట్ ఒకే గొట్టంలో కలిస్తే సున్నంలా గడ్డకడుతుంది.

పేగుల్లో పొటాషియంను పట్టుకునే కాల్షియం పాలీస్టైరీన్ సల్ఫొనేట్ పొడి 15 గ్రాములు మొదలుపెట్టారు కానీ దానికి గంటలు పడుతుంది. అత్యవసరంలో దాన్ని నమ్ముకోకూడదు. డయాలసిస్ కోసం కాకినాడకు పంపడానికి అంబులెన్సు సిద్ధం చేసే ఉంచారు. రెండు గంటల్లో పొటాషియం 6.5 కంటే దిగకపోయినా, పీహెచ్ ఇంకా పడిపోయినా, సెలైన్‌తో ఆయాసం వచ్చినా బయల్దేరడమే అన్నది ముందే అనుకున్న హద్దు. దిగింది: రెండు గంటలకు 6.0, ఆరు గంటలకు 5.6, మర్నాడు ఉదయం 5.1. ఐదో గంటలో మూత్రం మొదలైంది, గంటకు 30 ఎం.ఎల్. దాటింది. ఈమె బరువుకు గంటకు 27 ఎం.ఎల్. కనీసం.

గ్లిమిపిరైడ్ వల్ల పడిన గ్లూకోజు ఒక్కసారి లేపితే అయిపోదు. దాని మెటబొలైట్లు (ఒంట్లో మారిన రూపాలు) ఎక్కువగా కిడ్నీ ద్వారా పోవాలి, అందుకే పదేపదే పడుతుంది. 10 శాతం డెక్స్‌ట్రోజ్ 36 గంటలు నడిపారు. మధ్యలో రెండుసార్లు పడటంతో ఇన్సులిన్ విడుదలను ఆపే ఆక్ట్రియోటైడ్ 50 మైక్రోగ్రాములు చర్మం కింద ఇచ్చారు. షుగరు తగ్గి వచ్చిన కిడ్నీ రోగిని, రెండు గంటల్లో మాట వచ్చింది కదా అని ఇంటికి పంపడం ప్రాణాంతకం.

కిడ్నీలో జరిగింది

వడపోత గుచ్ఛంలోకి రక్తం తెచ్చే నాళం ఒకటి, తీసుకెళ్లే నాళం ఒకటి. లోపలి ఒత్తిడి ఉంటేనే వడపోత సాగుతుంది. విరేచనాలతో రక్త పరిమాణం తగ్గితే శరీరం రెండు పనులు చేస్తుంది. ప్రోస్టాగ్లాండిన్లు తెచ్చే నాళాన్ని విప్పుతాయి, యాంజియోటెన్సిన్ తీసుకెళ్లే నాళాన్ని బిగిస్తుంది. ఎసిక్లోఫెనాక్ ఆ ప్రోస్టాగ్లాండిన్లను ఆపేసింది, విప్పే దారి మూసుకుంది. టెల్మిసార్టాన్ యాంజియోటెన్సిన్‌ను ఆపింది, బిగించే దారీ పోయింది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఉన్న నీటినీ ఉప్పునూ ఇంకా బయటికి పంపింది. ఒత్తిడి కూలింది, వడపోత ఆగింది.

ఈ మూడు రకాలూ కలిపి వాడేవాళ్ల మీద బ్రిటన్‌లో రోగుల రికార్డులతో చేసిన పెద్ద అధ్యయనం 2013లో వచ్చింది. కిడ్నీ అకస్మాత్తుగా దెబ్బతినే ముప్పు 31 శాతం ఎక్కువని, మొదటి 30 రోజుల్లోనైతే 82 శాతం ఎక్కువని తేలింది. టెల్మిసార్టాన్‌తో గానీ, మూత్రం బిళ్లతో (ఈమెకు హైడ్రోక్లోరోథయాజైడ్) గానీ, ఒక్కదానితోనే నొప్పి బిళ్ల చేరినప్పుడు ఆ అధ్యయనంలో ముప్పు పెరగలేదు. ఏళ్లుగా బీపీ బిళ్ల పడుతున్న మనిషి కొత్తగా నొప్పి బిళ్ల మొదలెట్టిన మొదటి నెలే జాగ్రత్త పడాల్సిన నెల. మా ప్రాంతంలో ఆ నెల కోతల తర్వాతో, ఊడ్పుల తర్వాతో వస్తుంది.

పొటాషియం ఇంత పెరగడానికి బొండాం కూడా కారణం. లేత కొబ్బరి నీళ్లలో లీటరుకు సుమారు 50 నుంచి 60 మిల్లీమోల్స్ పొటాషియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్‌ఎస్‌లో ఉండేది 20. పైగా విరేచనాల్లో పోయే సోడియం ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 75, బొండాంలో దానికంటే చాలా తక్కువ. కిడ్నీ బాగున్నవాళ్లకు బొండాం మంచిదే, ఎండలో పనిచేసి వచ్చినవాళ్లకు మరీ మంచిది. ఈజీఎఫ్ఆర్ 45 లోపు ఉండి, టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్, స్పైరనోలాక్టోన్‌లలో ఏదో ఒకటి వాడేవాళ్లకు మాత్రం రోజుకు ఐదారు బొండాలు పొటాషియం టానిక్ తాగినట్టే. సోడియం తక్కువని అమ్మే ఉప్పు కూడా ఇదే కోవ. అందులో సోడియం తగ్గించిన మేర పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. బీపీ ఉందని దాన్ని కొనమని సలహా ఇచ్చే ముందు క్రియాటినిన్ చూడాలి.

మందులు మళ్లీ కట్టడం

అల్ట్రాసౌండ్‌లో రెండు కిడ్నీలూ 9 సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ, కిడ్నీ పైపొర తెల్లబారి ఉంది. అంటే ఇది ఆరోగ్యమైన కిడ్నీకి తగిలిన దెబ్బ కాదు, పాత జబ్బు మీద కొత్త దెబ్బ. క్రియాటినిన్ రెండో రోజు 4.8కి ఎక్కి, నాలుగో రోజు 3.1, ఏడో రోజు 2.0, మూడు వారాలకు 1.6.

బీపీకి మొదట ఎమ్లోడిపిన్ 5 మి.గ్రా., అదీ బీపీ 140/90 దాటాకే. టెల్మిసార్టాన్‌ను శాశ్వతంగా మానేయడం పొరపాటు. ఈమెకు మూత్రంలో ఆల్బుమిన్ (ప్రోటీన్) పోతోంది, షుగరుతో దెబ్బతిన్న కిడ్నీకి దీర్ఘకాలంలో కాపు కాసేది ఆ మందే. మూడో వారంలో పొటాషియం 4.5, క్రియాటినిన్ నిలకడగా ఉన్నాయని చూసి 20 మి.గ్రా.తో మళ్లీ మొదలెట్టి, పది రోజులకు రెండు పరీక్షలూ చేశారు. మొదలెట్టిన తర్వాత క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే కొనసాగించవచ్చు. అంతకు మించినా, పొటాషియం 5.5 దాటినా తగ్గించాలి, లేదా ఆపాలి. హైడ్రోక్లోరోథయాజైడ్ తిరిగి రాయలేదు.

గ్లిమిపిరైడ్ పూర్తిగా మానిపించారు, బదులు లినాగ్లిప్టిన్ 5 మి.గ్రా.; కిడ్నీని బట్టి దాని మోతాదు మార్చక్కర్లేదు. మెట్‌ఫార్మిన్ ఈజీఎఫ్ఆర్ 30 పైన నిలకడగా ఉందని తేలాకే, 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు.

అసలు సమస్య మోకాలు. నొప్పి బిళ్ల మానండి అని చెప్పి పంపేస్తే నెలలో మళ్లీ అదే షాపుకు వెళ్తుంది, ఎందుకంటే నొప్పి నిజం. పారాసిటమాల్ 650 మి.గ్రా. రోజుకు మూడుసార్లు. డైక్లోఫెనాక్ 1 శాతం జెల్, కిడ్నీ కోలుకున్నాక, ఒక్కో మోకాలికి 2 గ్రాములు రోజుకు మూడుసార్లు. పైపూత నుంచి రక్తంలోకి చేరేది బిళ్లతో పోలిస్తే దాదాపు 6 శాతం. 2 గ్రాములంటే చూపుడు వేలి మొదటి కణుపు పొడవున పిండిన గీతలు నాలుగు. ఈ లెక్కన 30 గ్రాముల ట్యూబు రెండున్నర రోజులే వస్తుంది. కందిగింజంత రాసి "పని చేయట్లేదండి" అనేవాళ్లే ఎక్కువ, కాబట్టి వారానికి మూడు ట్యూబులని చీటీలో రాయాలి. రాశాక గట్టిగా కట్టు కట్టకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి 10 సెకన్లు పట్టి ఉంచడం, పదిసార్లు, రోజుకు మూడు పూటలు. నేల మీద బాసీపట్టు వేయడం మానడం, మరుగుదొడ్డికి కుర్చీ కమోడ్. మోకాలిలో స్టెరాయిడ్ సూది ఆఖరి దారి. షుగరు కొద్దిరోజులు పెరుగుతుందని ముందే చెప్పాలి.

ఎటోరికాక్సిబ్ రాద్దామా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. అది కడుపుకు కాస్త మేలు, కిడ్నీకి ఎసిక్లోఫెనాక్ లాంటిదే. స్ట్రిప్పు మీద "ఫెనాక్", "ప్రొఫెన్", "క్సికామ్", "కాక్సిబ్" అన్న తోకలున్న పేర్లన్నీ, నాప్రోక్సెన్, నిమెసులైడ్ కూడా, ఈ రోగికి ఒకే కుటుంబం. ఈజీఎఫ్ఆర్ 30 లోపైతే ఇవి అసలు వద్దు. 30 నుంచి 60 మధ్య ఉంటే రోజుల తరబడి వద్దు, టెల్మిసార్టాన్ లాంటివి వాడుతుంటే ఆ కొద్దిరోజులూ వద్దు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇవి ఒంట్లో నీరు పట్టిస్తాయి. ఆస్పిరిన్ 75 మి.గ్రా. వాడేవాళ్లు ఐబుప్రోఫెన్ ముందుగా వేసుకుంటే ఆస్పిరిన్ పని చెడుతుంది. వార్ఫరిన్ మీద ఉన్నవాళ్లకు రక్తస్రావం.

ఊళ్లో మొదట సూది చేసేవాళ్లను తిట్టి లాభం లేదు. డైక్లోఫెనాక్ డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సిన మందన్నది చట్టం; కానీ రాత్రి పదింటికి నొప్పితో తలుపు తట్టేది వాళ్ల ఇంటినే. సూది ముందు మూడు ప్రశ్నలు అడగమని వాళ్లకూ, షాపు వాళ్లకూ, ఆశా కార్యకర్తలకూ చెప్పాలి: బీపీకో షుగరుకో బిళ్ల వాడుతున్నారా? విరేచనాలో వాంతులో ఉన్నాయా? మూత్రం తగ్గిందా? ఒక్కదానికి అవునన్నా ఆ సూది వద్దు.

డిశ్చార్జి రోజు కోడలి చేతికిచ్చి, ఆమెతోనే గట్టిగా చదివించిన చీటీ ఇది:

"విరేచనాలు, వాంతులు, లేదా అన్నం తినలేనంత జ్వరం వచ్చిన రోజు: టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ ఆపండి. ఎమ్లోడిపిన్ ఆపే ముందు బీపీ చూపించండి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్లలో మొత్తం కలిపి గుక్కగుక్కగా తాగించండి. బొండాం వద్దు. తిండి, నీళ్లు మామూలుగా పడుతూ ఒకటి రెండు రోజులు గడిచాక బిళ్లలు మళ్లీ మొదలు. 12 గంటలు మూత్రం రాకపోయినా, మాట తడబడినా, గుండె నెమ్మదించినట్టున్నా అదే రోజు ఆసుపత్రికి. మోకాళ్లకి ఎవరు ఏ బిళ్ల ఇచ్చినా, ఏ సూది అన్నా, ముందు ఈ చీటీ చూపించండి. స్ట్రిప్పు కత్తిరిస్తే పేరున్న ముక్క ఇమ్మని అడగండి."

కోడలు ఒక్కటే అడిగింది: "షుగరు బిళ్ల ఒక్కరోజు మానేస్తే షుగరు పెరిగిపోదాండి?" ఒకటి రెండు రోజులు కాస్త పెరిగినా నష్టం లేదని, తినని రోజు వేసుకుంటేనే ప్రమాదమని చెప్పి, గ్లూకోమీటర్‌లో 300 దాటితే ఫోన్ చేయమని అదే చీటీ కింద రాశారు. ఇన్సులిన్ వాడే ఇంటికి ఈ చీటీ పనికిరాదు; ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు, దానికి వేరే లెక్క రాయాలి. డపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు బిళ్లలు వాడుతుంటే వాటినీ ఆపే జాబితాలో చేర్చాలి.

మూడు నెలలకు క్రియాటినిన్ 1.5, ఈజీఎఫ్ఆర్ 39, పొటాషియం 4.6, బీపీ 132/78. జబ్బుకు నాలుగు నెలల ముందున్న 43కు తిరిగి చేరలేదు. డపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా. ఆ రోజే మొదలెట్టి, చీటీ తిరగరాసి ఇచ్చారు. తర్వాతి క్రియాటినిన్, పొటాషియం పరీక్ష డిసెంబరులో, దాళ్వా నాట్లకు వెళ్లే ముందు.